కండక్టరుగారి హాజరు పుస్తకం

ఆయన పోయారన్న సంగతి నాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలిసింది. తాడేపల్లిగూడెం బస్టాండులో ఏలూరు బస్సు కోసం నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో "అయ్యగారూ" అని పిలిచారు. తిరిగి చూస్తే సువార్తమ్మ. నేను కొల్లేరు పక్కన ఆ ఊళ్లో లూథరన్ సంఘానికి పాస్టరుగా ఉన్నప్పుడు గుడిలో పాట ఎత్తుకునే మనిషి ఆవిడే. చెల్లెల్ని చూడటానికి వచ్చి తిరిగి వెళుతోందట. కుశలప్రశ్నలయ్యాక, "కండక్టరుగారెలా ఉన్నారమ్మా?" అన్నాను.

"మీకు తెలీదాండీ? వానలప్పుడే పోయారు కదండీ. నిద్దట్లోనే. మీకు ఫోన్ చేశామండి. నంబరు పని చెయ్యలేదు."

నంబరు మార్చింది నేనే. మార్చినప్పుడు ఆ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. అప్పట్లో ఏ పని చెయ్యాలన్నా ఒళ్లు బరువుగా ఉండేది, ఆ బరువులో ఇదీ ఒకటి మిగిలిపోయింది. సువార్తమ్మకి అదంతా చెప్పలేక ఊరికే తలూపాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో కూడా ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు. రిటైరై పదేళ్లు దాటినా చిన్నా పెద్దా అందరికీ కండక్టరుగారే.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కాళ్ల కింద నేల కదులుతున్నట్టు ఎప్పుడూ పాదాలు ఎడంగా పెట్టి నిలబడేవారు. గుడిలో ఆయన బెంచీ మీద కూర్చోగా నేను చూడలేదు. తలుపు దగ్గర ద్వారబంధానికి వీపు ఆనించి, ఒక కాలు లోపల, ఒక కాలు గడప మీద. చెవి వెనక పెన్సిలు. "కూర్చోండి కండక్టరుగారూ, మోకాళ్ల నొప్పులంటున్నారు కదా," అంటే, "కూర్చుంటేనే నొప్పండి," అనేవారు.

మా గుళ్లలో ఒక జబ్బుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లూ వెనక బెంచీల్లోనే కూర్చుంటారు, పెందలాడే వచ్చినవాళ్లూ వెనక బెంచీల్లోనే కూర్చుంటారు. ముందు నాలుగు వరసలూ ఖాళీ. నేను ప్రార్థన చేస్తున్నా సరే, వాక్యం చదువుతున్నా సరే, తలుపు దగ్గర నుంచి మెల్లగా, కానీ అందరికీ వినపడేలా ఆయన గొంతు వచ్చేది. "ముందుకు జరగాలమ్మా. ముందు ఖాళీ ఉంది. జరగాలి." ఆడవాళ్లు నవ్వుకుంటూ లేచి ఒక్క వరస ముందుకు జరిగేవారు. ఆయన ఇంకా చూస్తూ ఉంటే ఇంకో వరస.

ఒకసారి నేను కొంచెం చిరాకుపడితే సువార్తమ్మ చెప్పింది. ఊరికి ఎడంగా ఉన్న వాళ్ల పేటలో పుట్టి బస్సులో ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి ఆయనేనట. ఆయన తండ్రి సంతకి వెళ్లాలంటే బస్సులో చోటున్నా లోపలికి రానివ్వక మెట్టు దగ్గరే వేలాడేవాడు. కొడుకు ఖాకీ బట్టలేసుకుని అదే రూటులో డ్యూటీ ఎక్కిన రోజు, ఊరి పెద్దలు మెట్ల దగ్గర గుమిగూడి నిలబడి ఉంటే, "ముందుకు జరగాలండీ, లోపల ఖాళీ ఉంది," అన్నాడట. అందరూ జరిగారట. "ఆ ఒక్క మాట కోసం మా మావయ్య ఆ రోజు ఊరికే బస్సెక్కి ఏలూరు వెళ్లొచ్చాడండీ," అంది సువార్తమ్మ.

ప్రసంగం అరగంట దాటితే పెన్సిలుతో ద్వారబంధం మీద రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. మొదటి ఆదివారం బల్లి అరిచిందేమో అనుకున్నాను. నాలుగో ఆదివారానికి అర్థమైంది. "బస్సు ఆపమని చెప్పాలంటే ఒక బెల్లే కదండీ, పొమ్మన్నట్టు రెండుసార్లు కొడతారేంటి?" అని ఎగతాళిగా అడిగాను. ఆయన నవ్వలేదు. "ఆపమని కాదండి అయ్యగారూ, కదలమని. మీరు చెప్పిందే చెబుతూ ఒక్కచోటే ఉండిపోయారు."

ఆరాధన అయ్యాక జనం బయటికి వెళుతుంటే హాజరు పుస్తకం తీసి, పెన్సిలు నాలికతో తడిపి, ఆ వారం ఎంతమంది వచ్చారో రాసేవారు. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. అందులో అంకె చూసి నేను పైవాళ్లకి రిపోర్టు రాసేవాణ్ణి. నా అంతట నేను తలలు లెక్కపెట్టిన పాపాన పోలేదు. ఐదు ఊళ్లు నావి. ఒక ఊళ్లో ఆశీర్వాదం చెబుతుండగానే తర్వాతి ఊరికి బండి తాళం చేతిలోకి వచ్చేసేది.

నేను మెట్టప్రాంతం వాణ్ణి. ఈ చేపల చెరువుల మధ్య గట్ల మీద బండి నడపడమే నాకు ఒక శిక్ష. ఏలూరులో అద్దె ఇల్లు. నా భార్య ఒక ఆస్పత్రిలో నర్సు. "నిద్దట్లో ఊళ్ల పేర్లు వరసగా చెబుతున్నారు," అనేది. ఆ ఏడాది ఎండాకాలం కంటే ముందే నేను ఎండిపోయాను. మాటలు వచ్చేవి, నోటినుంచే వచ్చేవి. అంతే.

అలాంటి స్థితిలో నాకొక ఆలోచన వచ్చింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటులో, బుధవారం సాయంత్రం ఉపవాస కూటం అయ్యాక, ఆ ఊరి సంఘం భవిష్యత్తు గురించి అందరం కూర్చుని మాట్లాడుకోవాలని. బంగాళాపెంకుల కప్పు కారుతోంది. గోడలు ఉప్పు తేలి రాలుతున్నాయి. కుర్రకారంతా జంక్షన్లో పెద్ద స్పీకర్లు పెట్టిన ప్రార్థన హాలుకి పోతున్నారు. కొన్ని కుటుంబాలు ఏలూరు, కొన్ని హైదరాబాదు. ఒక పెద్ద చార్టు రాసి గోడకి తగిలించాను. మూడు దారులు. గుడి పడగొట్టి కొత్తది కట్టుకోవడం. ఉన్నదాన్నే బాగుచేసుకుని ఉన్నట్టే ఉండటం. ఏలూరు సంఘంలో కలిసిపోవడం. మూడింటినీ సమానంగా వివరించాననే అనుకున్నాను.

మొదటి బుధవారం బల్ల మీద లెంటుకి పరిచే ఊదారంగు బట్ట పరిచి, బయట దోమలు జుయ్యిమంటుంటే, నేను చాలా హుషారుగా మాట్లాడాను. కొత్త గుడి అన్నప్పుడు ఇద్దరు ముగ్గురి మొహాలు వెలిగాయి. తలుపు దగ్గర నుంచి కండక్టరుగారు, "కట్టాక ఎవరు తుడుస్తారండీ?" అన్నారు. బాగుచేసుకోవడం అన్నాను. "కప్పు మీదికి ఎక్కే వయసు ఎవరికుందండీ?" ఏలూరులో కలవడం అన్నాను. "ఆదివారం పొద్దున్న ఈ ముసలమ్మలు ఏలూరు ఎలా వస్తారండీ?" రెండో బుధవారమూ అంతే. ఏది చెప్పినా ఒక ప్రశ్న. ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగకుండా బయటికి చూసేవారు. ఈయనకి ఏదీ వద్దు, ఏదీ జరగనివ్వడు అనుకున్నాను. ఇంటికెళ్లి నా భార్యతో అన్నాను కూడా, "ఆ పెద్దాయన ఉన్నంతకాలం ఆ ఊరు బాగుపడదు," అని.

మూడో వారం ఆదివారం ప్రసంగం మధ్యలో నా మాట నాకే వినబుద్ధి కాక, ఊరికే ఎదురుగా ఉన్న మనుషుల్ని లెక్కపెట్టాను. పంతొమ్మిదిమంది. మళ్లీ లెక్కపెట్టాను. పంతొమ్మిదే. ఆరాధన అయ్యాక ఆయన పుస్తకం మూసేముందు అందులోకి తొంగిచూశాను. ముప్పై ఎనిమిది అని ఉంది. గుండ్రటి అంకెలు, తడి పెన్సిలు. ఆయన నా వైపు చూశారు. నేను చూసింది ఆయన చూశారు. పుస్తకం మూసేశారు. నాకు లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది, దాచుకోవడం దేనికి. ఇంక ఈయన నోరు మూయించడానికి ఒక ఆధారం దొరికింది కదా అని.

నాలుగో బుధవారం గట్టు రోడ్డు మీద నా బండి జారింది. చేపల వ్యాన్ల నుంచి కారిన నీళ్లకి ఆ రోడ్డు ఎప్పుడూ జిగటగానే ఉంటుంది. తూము దగ్గర పడ్డాను. మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి. హ్యాండిల్ వంకరపోయిన బండిని తోసుకుంటూ గుడికి చేరేసరికి ఇంకా ఎవరూ రాలేదు. కండక్టరుగారొక్కరే చీపురు పట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే చీపురు పడేసి, గడప మీద కూర్చోబెట్టి, డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్లు తెచ్చారు.

"ఇసక పోయేదాకా కడగాలండి. మండుతుంది. కళ్లు మూసుకోండి."

కళ్లు మూసుకున్నాను. ఆయన చెయ్యి గరుగ్గా ఉంది, కానీ చాలా తేలిగ్గా పడుతోంది. కడుగుతూనే అన్నారు.

"అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఈ భవిష్యత్తు ప్రణాళిక మా కోసమాండీ, మీ కోసమాండీ?"

"మీ కోసమే. ఇంకెవరి కోసం?" అన్నాను కళ్లు తెరవకుండా.

"మీరు అలిసిపోయారండి. ఏలూరులో కలిపేస్తే మీకొక ఊరు తగ్గుతుంది. అందులో తప్పేం లేదండి. ఆ ముక్కే చెప్పండి. చార్టు ఎందుకు? డబల్ డ్యూటీ చేసిన డ్రైవర్ల పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డానండి. స్టీరింగు పట్టుకునే నిద్రపోతారు. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. మూడో ఆదివారం మీ కళ్లు అలాగే ఉన్నాయి."

మండింది మోకాలు కాదు. "మరి మీ పుస్తకం సంగతేంటండీ?" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "పంతొమ్మిదిమంది వస్తే ముప్పై ఎనిమిది రాశారు. ఎన్నేళ్ల నుంచి రాస్తున్నారు ఇలా?"

నీళ్లు ఆగిపోయాయి. కళ్లు తెరిచాను. ఆయన మగ్గు అలాగే పట్టుకుని నా పక్కన గడప మీద కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడటం అదే మొదలు.

"మా ఊరికి ఒకప్పుడు పొద్దున, సాయంత్రం బస్సుండేదండి," అన్నారు. "నా డ్యూటీయే. సాయంత్రం ట్రిప్పులో ఏడుగురో ఎనమండుగురో ఉండేవారు. ఉన్నదే రాసేవాణ్ణి. ఎవరూ ఎక్కడం లేదని బస్సు తీసేశారు. అప్పుడు సువార్తమ్మ ఏలూరులో ఇంటరు చదువుతోందండి. బస్సు పోయింది, చదువూ పోయింది. చేపల షెడ్డులో పనికెళ్లింది. నేను ఇంకో నలుగురిని ఎక్కువ రాసుంటే ఒక్క ఏడాది బస్సు నిలబడేదేమో. ఒక్క ఏడాది చాలండి, ఆ పిల్ల పరీక్షలైపోయేవి."

ఆయన తల తిప్పి గుడి లోపల కిటికీ వైపు చూశారు.

"మా ఆవిడ చనిపోయిన వారం హాజరు రాద్దామని పుస్తకం తీశానండి. ఆవిడ కూర్చునే చోటు కిటికీ పక్కన. ఆ చోటుని వదిలేసి రాయబుద్ధి కాలేదు. ఒకరిని కలిపాక మిగతావాళ్లని ఎలా వదిలేస్తానండీ? ఆవిడ వెనక కూర్చునే ముసలాయన, హైదరాబాదు పోయిన పిల్లలు, జంక్షన్ హాలుకి పోయినవాళ్లు. ఎవరు ఎక్కడ కూర్చునేవారో నాకు తెలుసు కదండీ. చూసుకుంటూ రాసేవాణ్ణి." మగ్గులో మిగిలిన నీళ్లు నేలమీద పారబోశారు. "బస్సు విషయంలో నిజం రాసి చెడ్డాను. గుడి విషయంలో అబద్ధం రాసి చెడ్డాను. ఎలా రాయాలో నాకు తెలియలేదండి."

అప్పటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఆయన గబగబా లేచి చీపురు తీసుకున్నారు. తీసుకుంటూ, నా వైపు చూడకుండా, "వచ్చే బుధవారం మీది మీరు చెప్పండి, నాది నేను చెబుతాను," అన్నారు.

ఆ వారమంతా నాకు జ్వరం వచ్చినట్టే ఉంది. చెప్పకుండా తప్పించుకోవడానికి నాలుగైదు దారులు ఆలోచించాను. ఆయన చెప్పరేమో అని కూడా ఆశపడ్డాను.

ఐదో బుధవారం వెళ్లగానే చార్టు తీసి చుట్టేశాను. నిలబడి చెప్పాను. నేను అలిసిపోయాను, ఐదు ఊళ్లు చెయ్యలేకపోతున్నాను, నెలల తరబడి మీకు పాత ప్రసంగాలే చెబుతున్నాను, మిమ్మల్ని ఏలూరులో కలపాలని ముందే మనసులో పెట్టుకుని మిగతా రెండు దారులూ చార్టులో అలంకారానికి రాశాను. చెప్పి కూర్చున్నాను. పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక ముసలమ్మ మాత్రం, "పోన్లెండి నాయనా, మంచినీళ్లు తాగండి," అంది.

అప్పుడు కండక్టరుగారు తలుపు దగ్గర నుంచి కదిలారు. బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టారు. "ఇందులో అంకెలు అబద్ధాలండి," అన్నారు. ఎందుకు రాశారో, ఎవరెవరిని కలిపారో, బస్సు సంగతితో సహా అంతా చెప్పారు. సువార్తమ్మ పేరు వచ్చినప్పుడు ఆవిడ వైపు చూడకుండానే చెప్పారు.

బయట చెరువుల్లో నీళ్లు చిమ్మే ఇంజన్లు మోగుతున్నాయి.

సువార్తమ్మ లేచింది. నాకు భయం వేసింది. పదిహేడేళ్ల వయసులో పోయిన చదువు, నలభై దాటాక ఇలా అందరి ముందూ బయటికొచ్చింది.

"బస్సు మీ రాత వల్ల పోలేదండీ కండక్టరుగారూ," అంది. "ఎక్కేవాళ్లు లేక పోయింది. నాకు అప్పుడే తెలుసు. మిమ్మల్ని ఒక్కరోజు కూడా అనుకోలేదు. మీరు ఇన్నేళ్లు మోస్తున్నారని తెలిస్తే ముందే చెప్పేదాన్ని." మిగతావాళ్ల వైపు తిరిగింది. "పంతొమ్మిదిమందిమే కదండీ. పంతొమ్మిదిమందికి ఏం కావాలో అది ఆలోచిద్దాం. కొత్త గుడి మనకెందుకు? పేర్లు ఏలూరులో కలిపేసుకోండి, ఆరాధన మాత్రం ఇక్కడే ఉండనివ్వండి. అయ్యగారు నెలకోసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇస్తే చాలు. మిగతా ఆదివారాలు నేను వాక్యం చదువుతాను. పదోక్లాసు దాకా చదివిన నోరే ఇది, తప్పులుంటే సర్దుకోండి."

తీర్మానం అంతే అయింది. పేర్లన్నీ ఏలూరు సంఘంలో కలుస్తాయి, ఆ ఊరు ఇక విడి సంఘం కాదు. గుడి మాత్రం ఉంటుంది, ఆరాధన ఉంటుంది. చేతులెత్తమన్నాను. పద్దెనిమిది చేతులు లేచాయి. కండక్టరుగారి తాతతోపాటు ఆ పేటవాళ్లు బురద మోసి పునాది వేసిన గుడి అది. చాలాసేపు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు ఆయన చెయ్యి లేచింది.

అదంతా బాగుపడిందని నేను చెప్పను. తర్వాతి ఏడాది నాకు బదిలీ అయింది. బస్టాండులో సువార్తమ్మ చెప్పినదాన్ని బట్టి ఇప్పుడు పన్నెండు మంది వస్తున్నారు. కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఆవిడ వాక్యం చదువుతూనే ఉంది.

ఆయన గురించి అనుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ ఏటి ఈస్టరు. విడి సంఘంగా వాళ్లకి అదే ఆఖరి పండగ కాబట్టి తెల్లవారుజాము ఆరాధన ఆ ఊళ్లోనే పెట్టాను. సమాధుల దొడ్లో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడితే చెరువుల మీద నుంచి మంచు వచ్చి కొవ్వొత్తులు ఆర్పేసేది, మళ్లీ ముట్టించుకునేవాళ్లం. అక్కణ్ణుంచి ఇంకో రెండు ఊళ్లలో ఆరాధన. నా బండి ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. ఆటో మాట్లాడుకున్నాను. ఎక్కబోతుంటే కండక్టరుగారు వచ్చి డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చున్నారు. "తోడొస్తానండి," అన్నారు. వద్దన్నా వినలేదు. రెండు ఊళ్లలోనూ తలుపు దగ్గర నిలబడ్డారు. మూడో ఆరాధన అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. ఏలూరు దారి పట్టాక ఆటోలో నాకు తెలియకుండానే నిద్రపట్టింది.

మెలకువ వచ్చేసరికి ఆటో కదలడం లేదు. మా ఇంటి సందు మొదట్లో ఆగి ఉంది. డ్రైవరు ఎదురు బడ్డీ దగ్గర టీ తాగుతున్నాడు. ఎండ పడేవైపు కండక్టరుగారు నిలబడి, భుజం మీద తువ్వాలు రెండు చేతులతో విప్పి, నా మొహం మీద ఎండ పడకుండా అడ్డంగా పట్టుకుని ఉన్నారు.

"ఎంతసేపైందండీ?" అన్నాను కంగారుగా.

"ఇప్పుడేనండి."

"గంటన్నరైందండి," అన్నాడు డ్రైవరు గ్లాసు పెట్టి వస్తూ. "పెద్దాయన లేపనివ్వలేదు."

"అయ్యో, లేపకపోయారా కండక్టరుగారూ?"

ఆయన తువ్వాలు దులిపి మడతపెట్టుకున్నారు. "దిగాల్సిన చోటికి వచ్చేశారు కదండీ," అన్నారు. "ఇంక లేపడం దేనికి?"

భోజనం చేసి వెళ్లమన్నాను. పండగపూట ఇంటి దగ్గర ఉండాలన్నారు. ఇంటి దగ్గర ఆయనకోసం ఎవరూ లేరని నాకు తెలుసు. ఆటో తిరిగింది. ఈసారి ఆయన వెనక సీట్లో, మధ్యలో, హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నారు.